సొంతంగా పని చేసుకునే ఎలక్ట్రీషియన్, ప్లంబర్, ఏసీ మెకానిక్‌లకు పన్ను లెక్కలు, ఆడిటర్‌తో వ్యవహారం: సమగ్ర మార్గదర్శి

వైరింగ్, ప్లంబింగ్, ఏసీ రిపేరు, వడ్రంగం, పెయింటింగ్, టైల్స్, వెల్డింగ్... జీతం కాకుండా సొంతంగా పని పట్టుకుని చేసేవాళ్ల కోసం ఈ మార్గదర్శి. ఆడిటర్ దగ్గరకు వెళ్లేముందు ఏం సిద్ధం చేసుకోవాలి, ఆయన రాసిన రిటర్న్‌లో ఏం సరిచూడాలి, ఎక్కడ తేడా వస్తుంది అనేవి వరుసగా ఉన్నాయి.

ఇక్కడి అంకెలు, సెక్షన్లు 2025-26 ఆర్థిక సంవత్సరం సంపాదనకు, అంటే 1961 చట్టానికి సంబంధించినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే సంపాదనకు 2025 ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది. అందులో సెక్షన్ నంబర్లు మారాయి. అందరి నోట నలిగిన 44ఏడీ (చిన్న వ్యాపారాలు వసూళ్లలో కొంత శాతాన్ని లాభంగా చూపే సెక్షన్) అక్కడ సెక్షన్ 58లోకి వెళ్లింది. లెక్క రాసుకునే పద్ధతి మాత్రం రెండిటికీ ఒకటే.

## 1. ముందుగా చేతిలో ఉండాల్సినవి

- ఆధార్‌తో లింక్ అయిన పాన్. పాన్ పనిచేయని స్థితిలో ఉంటే టీడీఎస్ (మీకు డబ్బిచ్చేవాళ్లు ముందే పట్టుకునే పన్ను) ఎక్కువ రేటున కట్ అవుతుంది, రీఫండ్ రాదు.
- ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పేరున ఖాతా. అందులో మీ సొంత మొబైల్ నంబర్, మీ సొంత ఈమెయిల్ ఉండాలి.
- పని డబ్బు కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా, దానికి కట్టిన ఒక యూపీఐ క్యూఆర్.
- వరుస నంబర్లున్న బిల్ బుక్కు, లేదా ఫోన్‌లో బిల్లింగ్ యాప్.
- ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు). ఆధార్, పాన్ ఉంటే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. డబ్బు అడిగితే అది నకిలీ వెబ్‌సైటన్నా అయి ఉండాలి, మధ్యవర్తి రుసుమన్నా అయి ఉండాలి.

ఉద్యమ్ ఎందుకంటే రెండు ఉపయోగాలు. షాపు పేరుతో కరెంట్ ఖాతా తెరవడానికి అది ఒక రుజువు. రెండోది, కంపెనీలకు పనిచేసి బిల్లు కోసం తిరిగేవాళ్లకు ఆసరా. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో మీకు డబ్బు చెల్లించాలని చట్టం. ఆలోగా ఇవ్వకపోతే, ఆ ఏడాది ఆ ఖర్చును కంపెనీ తన లెక్కలో చూపుకోలేకపోవచ్చు. అందుకే బిల్లు మీద ఉద్యమ్ నంబర్ వేయండి. అకౌంట్స్ వాళ్లు దాన్ని చూస్తారు.

## 2. ఇంటి డబ్బు, పని డబ్బు వేరు చేయండి

ఎక్కువ చిక్కులు ఇక్కడే మొదలవుతాయి. ఒకే ఖాతాలో కస్టమర్ వేసిన డబ్బు, చీటీ పాడుకున్న డబ్బు, బంగారం తాకట్టు లోను, బావమరిది తిరిగిచ్చిన చేబదులు అన్నీ కలిసి ఉంటే, ఏడాది చివర స్టేట్‌మెంట్ చూసిన ఆడిటర్‌కు ఏది టర్నోవరో (పని మీద వచ్చిన మొత్తం వసూళ్లు) తెలియదు. ఆయన అన్నీ కలిపితే మీకు నష్టం. అంచనాగా కొన్ని వదిలేస్తే రేపు నోటీసు వచ్చినప్పుడు జవాబు చెప్పాల్సింది మీరు.

2025లో కర్ణాటకలో వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల మొత్తాలు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపింది. యూపీఐలో వచ్చిన ప్రతి రూపాయీ వ్యాపారం డబ్బు కాకపోవచ్చు. కాదని చూపించే కాగితం మాత్రం మీ దగ్గరే ఉండాలి.

చేయాల్సింది ఇదీ:

1. పని ఖాతా క్యూఆర్ ఒక్కటే కస్టమర్లకు చూపించండి. పాత నంబర్‌కు వేస్తే ఆ మొత్తాన్ని అదే రోజు పని ఖాతాకు మార్చి, పుస్తకంలో ఆ కస్టమర్ పేరు రాయండి.
2. ఇంటి ఖర్చుకు నెలకు రెండు మూడుసార్లు గుండుగుత్తగా ఇంటి ఖాతాకు పంపండి. పాల బిల్లు, స్కూలు ఫీజు పని ఖాతా నుంచి కట్టొద్దు.
3. హెల్పర్ కూలీ, పెట్రోలు, పనిముట్లు, మెటీరియల్ పని ఖాతా నుంచే పోవాలి. యూపీఐ పంపేటప్పుడు నోట్‌లో "రాజు కూలీ, 3 రోజులు" లాంటి రెండు మాటలు రాస్తే ఏడాది తర్వాత కూడా గుర్తుంటుంది.
4. చీటీ, లోను, చేబదులు ఇంటి ఖాతాలోకే రావాలి. చీటీ పాస్‌బుక్, లోను మంజూరు కాగితం దాచండి.

నగదు విషయంలో ఒక గీత దాటకూడదు. ఒకే వ్యక్తి నుంచి ఒక రోజులో, లేదా ఒకే పనికి సంబంధించి, 2 లక్షలు లేదా అంతకు మించి నగదుగా తీసుకోకూడదు. విడతలుగా తీసుకున్నా పని ఒకటే అయితే అదే లెక్క. పట్టుబడితే తీసుకున్న మొత్తమంతా పెనాల్టీ కావచ్చు. ఇల్లు మొత్తం వైరింగ్ ఒప్పుకున్నప్పుడు ఇది గుర్తుంచుకోండి.

## 3. బిల్లులో లేబర్ వేరు, మెటీరియల్ వేరు

ఈ పనుల్లో టర్నోవర్ తప్పుగా పెరిగేది మెటీరియల్ వల్లే. ఇంటి యజమాని 1,80,000 మీ ఫోన్‌కు వేస్తాడు. అందులో 1,30,000 వైర్లు, స్విచ్చులు, పైపులకు పోతుంది. మీ లేబర్ 50,000. బిల్లు ఎలా ఉందన్నదాన్ని బట్టి మీ టర్నోవర్ 50,000 కావచ్చు, 1,80,000 కూడా కావచ్చు.

మూడు పద్ధతులున్నాయి.

కస్టమరే దుకాణానికి నేరుగా కట్టడం. మీరు లిస్టు రాసిస్తారు, దుకాణం బిల్లు కస్టమర్ పేరున వస్తుంది, డబ్బు ఆయనే వేస్తాడు. మీ టర్నోవర్ లేబర్ మాత్రమే. అన్నిటికన్నా శుభ్రమైన దారి ఇదే. వీలైన ప్రతిచోటా దీన్నే పట్టుకోండి.

మీరు కట్టి, అసలు మొత్తం మాత్రమే తిరిగి తీసుకోవడం. దుకాణం బిల్లు కస్టమర్ పేరునే ఉండాలి. ఆయన తరఫున కొంటున్నట్టు ముందే వాట్సాప్‌లోనైనా ఒప్పుకోలు ఉండాలి. మీ బిల్లులో ఆ మొత్తం విడిగా కనిపించాలి, దాని మీద ఒక్క రూపాయి కూడా కలపకూడదు. ఈ షరతులన్నీ ఉంటేనే అది మీ టర్నోవర్‌లోకి రాదు.

మీరు కొని, మార్జిన్ కలిపి బిల్లు వేయడం. మెటీరియల్‌తో సహా కాంట్రాక్టు అంటే ఇదే. పూర్తి మొత్తం మీ టర్నోవర్. తప్పేమీ లేదు, కానీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే గీత త్వరగా వస్తుందని తెలుసుకుని చేయండి.

బిల్లులో ఉండాల్సినవి: వరుస నంబర్, తేదీ, కస్టమర్ పేరు, చిరునామా, పని వివరం ("14 పాయింట్లు, ఒక డీబీ, ఎర్తింగ్" అన్నట్టు), లేబర్ మొత్తం, మెటీరియల్ మొత్తం, తీసుకున్న అడ్వాన్సు, మిగిలింది, డబ్బు వచ్చిన దారి. కంపెనీ కస్టమరైతే మీ పాన్ కూడా.

దుకాణం ఇచ్చే కమీషన్ గురించి చాలామంది ఆడిటర్‌కు చెప్పరు. హార్డ్‌వేర్ షాపు ఇచ్చే శాతం, వైర్ కంపెనీ పాయింట్లు, పెయింటు డబ్బాల్లో కూపన్లు, టూరు ప్యాకేజీలు, ఇవన్నీ ఆదాయమే. బహుమతుల విలువ ఏడాదికి 20,000 దాటితే కంపెనీ సెక్షన్ 194ఆర్ కింద 10 శాతం టీడీఎస్ కట్టి మీ పాన్ మీద చూపిస్తుంది. పైగా కమీషన్ ఆదాయం ఉన్నవాళ్లకు 44ఏడీ వర్తించదని చట్టంలోనే ఉంది. కాబట్టి కమీషన్ వస్తుంటే మొదటి రోజే చెప్పండి. ఫారం ఏది వేయాలన్నది దాని మీదే ఆధారపడుతుంది.

## 4. వారానికి ఒకసారి లెక్క

పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. రూల్డ్ నోటుబుక్కు ఎడమ పేజీలో వచ్చింది, కుడి పేజీలో పోయింది.

- వచ్చింది: తేదీ, కస్టమర్, బిల్లు నంబర్, బ్యాంకు/యూపీఐ, నగదు, కట్ అయిన టీడీఎస్.
- పోయింది: తేదీ, ఎవరికి, దేనికి, ఎంత, ఎలా.

వారానికి ఒక రోజు పెట్టుకుని ఫోన్‌లో యూపీఐ చరిత్ర చూస్తూ రాసేయండి. రోజూ రాయాలనుకుంటే రెండో వారానికే ఆగిపోతుంది. నెలాఖరున బ్యాంకు, నగదు వరసలు విడిగా కూడండి. ఆ రెండు అంకెలే తర్వాతి మెట్టుకు ఆధారం.

దుకాణాల థర్మల్ బిల్లులు ఆరు నెలల్లో తెల్లకాగితమైపోతాయి. తీసుకున్న రోజే ఫొటో తీసి నెలవారీ ఫోల్డర్‌లో వేయండి. రికార్డులు 8 ఏళ్లు ఉంచితే ఆదాయపు పన్నుకూ, జీఎస్టీకీ సరిపోతుంది.

## 5. ఎంత లాభం చూపాలి: 44ఏడీ

చిన్న వ్యాపారాలు ఖర్చుల పుస్తకాలు చూపించకుండా టర్నోవర్‌లో కొంత శాతాన్ని లాభంగా చూపేందుకు ఈ సెక్షన్ వీలిస్తుంది.

- టర్నోవర్ 2 కోట్ల వరకు. నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 3 కోట్ల వరకు.
- బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చినదానిపై కనీసం 6 శాతం, నగదుపై కనీసం 8 శాతం.
- ఫారం ఐటీఆర్-4, మొత్తం ఆదాయం 50 లక్షల లోపు అయితే.

ఉదాహరణకు ఒక ఏసీ మెకానిక్ ఏడాది వసూళ్లు 14 లక్షలు అనుకుందాం. యూపీఐ 11 లక్షలు, నగదు 3 లక్షలు. కనీస లాభం 66,000 + 24,000 = 90,000.

ఇక్కడే చాలా రిటర్నులు దారి తప్పుతాయి. 6, 8 అనేవి కనీసాలు. నిజంగా మిగిలింది అంతకంటే ఎక్కువైతే ఆ ఎక్కువే చూపాలి. హెల్పర్ కూలీ, పెట్రోలు, గ్యాసు, విడిభాగాలు పోను ఈ మెకానిక్‌కు 6,50,000 మిగిలితే రిటర్న్‌లో 6,50,000 ఉండాలి.

పన్ను ఎంతవుతుంది? కొత్త పన్ను పద్ధతిలో 4 లక్షల వరకు ఏమీ లేదు, 4 నుంచి 8 లక్షలకు 5 శాతం. అంటే 12,500. మొత్తం ఆదాయం 12 లక్షల లోపే కాబట్టి సెక్షన్ 87ఏ రిబేటుతో అదీ సున్నా అవుతుంది. 90,000 చూపినా పన్ను సున్నా, 6,50,000 చూపినా సున్నా. తేడా ఎక్కడంటే, ఇంటి లోను, వ్యాన్ లోను కోసం బ్యాంకుకు వెళ్లినప్పుడు వాళ్లు చూసేది ఆ లాభం గడినే. 90,000 ఆదాయం చూపించిన మనిషికి లోను రాదు. అదే మనిషి ఇంటికి ఏడాదికి 3 లక్షల ఖర్చు ఎలా పెడుతున్నాడని అధికారి అడిగినా జవాబు ఉండదు. "తక్కువ చూపిద్దాంలే" అనే ఆడిటర్ మీకు మేలు చేస్తున్నట్టు కాదు.

లాభం 12 లక్షలు దాటితే పన్ను మొదలవుతుంది. 13 లక్షలకు 75,000, సెస్సు 4 శాతం కలిపి 78,000. జీతగాళ్లకుండే స్టాండర్డ్ డిడక్షన్ మీకు లేదు, కాబట్టి 12,75,000 వరకు పన్ను లేదని వినిపించే అంకె మీది కాదు.

పన్ను 10,000 లేదా ఆపైన ఉంటే ముందస్తుగా కట్టాలి. 44ఏడీ వాళ్లకు ఒకే విడత, మార్చి 15 లోపు మొత్తం. ఆ తేదీ దాటితే నెలకు 1 శాతం చొప్పున వడ్డీలు పడతాయి. ఫిబ్రవరి నెలాఖరుకే అంచనా వేయించుకోండి.

జాగ్రత్తగా ఉండాల్సిన సందర్భాలు:

- 44ఏడీలో ఉన్నవాళ్లు తర్వాతి ఐదేళ్లలో ఎప్పుడైనా కనీస శాతం కంటే తక్కువ లాభం చూపి బయటికొస్తే, ఆపైన ఐదేళ్లు మళ్లీ అందులోకి రాలేరు. ఆ కాలంలో ఆదాయం పన్ను పరిమితి దాటితే పుస్తకాలు, ఆడిట్ తప్పవు.
- షేర్లలో స్వల్పకాలిక లాభాలు, ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ట్రేడింగ్ ఉంటే ఐటీఆర్-4 కుదరదు. ఐటీఆర్-3 వేయాలి. ఫోన్‌లో ట్రేడింగ్ యాప్ ఉంటే ఆడిటర్‌కు చెప్పండి.
- ఇంటీరియర్ డెకరేషన్ చట్టం దృష్టిలో ప్రొఫెషన్, దానికి 44ఏడీఏ, కనీసం 50 శాతం లాభం. డిజైన్ ఫీజు తీసుకునే వడ్రంగులు ఏ పనికి ఏ పేరుతో బిల్లు వేస్తున్నారో సరిచూసుకోవాలి.
- ఇంటి లోను వడ్డీ, 80సీ (బీమా, పీఎఫ్ లాంటి పొదుపుల) మినహాయింపులు కావాలంటే పాత పన్ను పద్ధతి. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు దానికి గడువులోగా ఫారం 10-ఐఈఏ వేయాలి. మళ్లీ కొత్త పద్ధతికి వచ్చే అవకాశం ఒక్కసారే. 12 లక్షల లోపు వాళ్లలో ఎక్కువమందికి దీని అవసరమే లేదు.

## 6. కట్ అయిన టీడీఎస్ వదులుకోవద్దు

కంపెనీలు, భాగస్వామ్య సంస్థలు, పెద్ద టర్నోవర్ ఉన్న వ్యాపారులు మీకు డబ్బిచ్చేటప్పుడు సెక్షన్ 194సీ కింద 1 శాతం పట్టుకుంటారు. ఒక్క బిల్లు 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా ఇది వర్తిస్తుంది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. జీఎస్టీ వేసేవాళ్లు బిల్లులో దాన్ని విడిగా చూపితే, జీఎస్టీ మీద టీడీఎస్ పట్టకూడదు.

ఏడాదికి 6 లక్షల కంపెనీ పని చేస్తే 6,000 కట్ అవుతుంది. పన్ను సున్నా అయితే అది మీకు తిరిగి రావాలి. రిటర్న్ వేయకపోతే రాదు.

కొందరు అకౌంటెంట్లు ఏసీ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) బిల్లులకు టెక్నికల్ సర్వీసు అని 194జే కింద పట్టుకుంటారు. విడిభాగాలతో సహా మామూలు మెయింటెనెన్స్ కాంట్రాక్టులు 194సీ కిందకే వస్తాయని ప్రత్యక్ష పన్నుల బోర్డు 1995లోనే సర్క్యులర్ 715లో చెప్పింది. 194జే కనిపిస్తే మీరు ప్రొఫెషనల్ అని సిస్టమ్ అనుకుని, 44ఏడీ ఎందుకు వేశారని అడిగే అవకాశం ఉంది. ఆ కంపెనీకి మెయిల్ రాసి టీడీఎస్ రిటర్న్ సరిచేయించండి.

యాప్‌ల ద్వారా పని తీసుకునేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. కస్టమర్ 1,000 కడితే యాప్ తన కమీషన్ పట్టుకుని మీకు 750 వేసిందనుకోండి. మీ టర్నోవర్ 750 అనుకుంటారు. అది 1,000. యాప్ తన రిపోర్టులో 1,000 చూపిస్తుంది కాబట్టి మీ రిటర్న్‌లో 750 ఉంటే తేడా పడుతుంది. నెలవారీ పేఅవుట్ స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

## 7. జీఎస్టీ: ఎప్పుడు, ఏ పద్ధతి

సర్వీసులకు పరిమితి ఏడాదికి 20 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ. "ఆంధ్రాలో 40 లక్షలు కదా" అని వినిపించే మాట కేవలం సరుకులు అమ్మేవాళ్లకు. లేబర్ కలిసిన పని చేసేవాళ్లకు అది వర్తించదు. 20 లక్షలు దాటిన 30 రోజుల్లోగా రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి.

ఈ 20 లక్షలు టర్నోవర్, లాభం కాదు. ఒకే పాన్ మీద ఉన్న పనులన్నీ కలిపి లెక్క. మూడో మెట్టులో మెటీరియల్ గురించి అంత చెప్పింది ఇందుకే.

దాటితే రెండు దారులు:

కాంపోజిషన్: టర్నోవర్ 50 లక్షల వరకు, 6 శాతం. కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, మెటీరియల్ మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. మూడు నెలలకోసారి సీఎంపీ-08 (తర్వాతి నెల 18లోపు), ఏడాదికోసారి జీఎస్టీఆర్-4 (జూన్ 30). పక్క రాష్ట్రంలో పని పట్టుకుంటే ఈ దారి మూసుకుపోతుంది.

రెగ్యులర్: ఈ పనులకు సాధారణంగా 18 శాతం కస్టమర్ దగ్గర వసూలు చేసి, మెటీరియల్ మీద కట్టింది తగ్గించుకుని మిగతాది కట్టాలి. 5 కోట్ల లోపు వాళ్లు త్రైమాసిక పద్ధతి ఎంచుకోవచ్చు. జీఎస్టీఆర్-1 (బిల్లుల వివరం) త్రైమాసికం ముగిశాక 13లోపు, జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్క) 22లోపు, మొదటి రెండు నెలల పన్ను తర్వాతి నెల 25లోపు.

కస్టమర్లు ఎక్కువగా ఇళ్లవాళ్లైతే కాంపోజిషన్ నయం, ఎందుకంటే వాళ్లు 18 శాతం అదనంగా ఇవ్వరు. కంపెనీలు, బిల్డర్లయితే రెగ్యులరే. వాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ (మీ బిల్లులోని జీఎస్టీని తమ పన్నులో తగ్గించుకునే వీలు) కావాలి, అది లేకపోతే మీ బిల్లు పక్కన పెడతారు. కాంపోజిషన్‌లో 30 లక్షల టర్నోవర్ మీద 1,80,000 మీ జేబు నుంచే పోతుంది. దాన్ని ఎస్టిమేటులోనే కలుపుకోవాలి.

ఎవరో టెండరు కోసం అడిగారని జీఎస్టీ తీసుకుని, పని లేక మర్చిపోవడం మామూలుగా జరిగే తప్పు. పని లేకున్నా నిల్ రిటర్న్ వేయాల్సిందే. రోజుకు 20 రూపాయల చొప్పున లేట్ ఫీజు రిటర్న్ రిటర్న్‌కీ పెరుగుతుంది. అక్కర్లేకపోతే ఆర్ఈజీ-16తో రద్దుకు దరఖాస్తు చేసి, రద్దయ్యాక మూడు నెలల్లో జీఎస్టీఆర్-10 వేయండి. ఈ చివరి రిటర్న్‌ను చాలామంది వదిలేస్తారు.

రెండు రాష్ట్రాల్లోనూ వృత్తి పన్ను వేరే ఉంది. ఏడాదికి గరిష్ఠంగా 2,500. జీఎస్టీ తీసుకునేటప్పుడే అడిగి కట్టేయండి.

## 8. ఆడిటర్‌ను ఎంచుకోవడం

మన ఊళ్లలో పన్నుల పని చేసే ప్రతివాళ్లనీ ఆడిటర్ అనే పిలుస్తాం. ఆడిట్ రిపోర్టు మీద సంతకం చేయగలిగేది చార్టర్డ్ అకౌంటెంట్ (సీఏ) మాత్రమే. ఐసీఏఐ (సీఏల సంస్థ) సభ్యత్వ నంబర్ అడిగి వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. సీఏ ఇచ్చే సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ అనే, అంకెలు, అక్షరాలు కలిపి 18 ఉండే నంబర్ ఉండాలి. 44ఏడీ రిటర్న్, మామూలు జీఎస్టీ రిటర్న్‌లకు మంచి ట్యాక్స్ ప్రాక్టీషనర్ సరిపోతాడు. పుస్తకాలు, ఆడిట్, నోటీసు ఉంటే సీఏ దగ్గరకే వెళ్లండి.

మొదటిసారి కలిసినప్పుడు అడగండి:

- కాంట్రాక్టు పనివాళ్ల రిటర్నులు వేస్తుంటారా? మెటీరియల్‌ను టర్నోవర్‌లో ఎలా చూస్తారు? (ఎదురు ప్రశ్నలు అడిగితే మంచి గుర్తు. "బ్యాంకులో ఎంతుంటే అంత" అంటే ఆలోచించండి.)
- ఫీజులో ఏమేం ఉన్నాయి? నోటీసుకు జవాబు, రిటర్న్ సవరణ విడిగా ఎంత?
- రిటర్న్ వేసేముందు డ్రాఫ్ట్ చూపిస్తారా?

మాట్లాడుకున్నది వాట్సాప్‌లో రాసి పంపండి, ఆయన "సరే" అంటే చాలు.

ఈ రెండిటిలో ఏది వినిపించినా లేచి వచ్చేయండి. ఒకటి, రీఫండ్‌లో శాతం ఫీజుగా అడగడం. రెండోది, లేని మినహాయింపులు, విరాళాలు రాద్దామనడం. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి రిటర్నులు వేసే మధ్యవర్తుల మీద దేశవ్యాప్తంగా తనిఖీలు చేసింది. తప్పుడు వివరాలతో ఆదాయం తగ్గిస్తే ఆ పన్నుకు 200 శాతం వరకు పెనాల్టీ పడుతుంది. అది కట్టాల్సింది పాన్ ఎవరిదో వాళ్లే.

పాస్‌వర్డుల సంగతి. ఆడిటర్ తన మొబైల్, తన మెయిల్ పెట్టి మీ ఖాతా తెరిస్తే, నోటీసులన్నీ ఆయనకే వెళ్తాయి. మనస్పర్థలు వస్తే మీ సొంత ఖాతాలోకే మీరు వెళ్లలేరు. ఈ వారమే సరిచూసుకోండి:

1. ఆదాయపు పన్ను పోర్టల్‌లో పాన్ కొట్టి "ఫర్గాట్ పాస్‌వర్డ్" నొక్కి, ఆధార్ ఓటీపీతో కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. లోపలికి వెళ్లి ప్రొఫైల్‌లో మొబైల్, మెయిల్ మీవి చేయండి.
2. సీఏను అదే పోర్టల్‌లో "మై చార్టర్డ్ అకౌంటెంట్" కింద చేర్చితే సీఏ తన లాగిన్ నుంచి ఫారాలు వేయగలరు.
3. జీఎస్టీ పోర్టల్‌లో ఆథరైజ్డ్ సిగ్నేటరీ నంబర్, మెయిల్ మీవి లేకపోతే నాన్-కోర్ సవరణతో మార్చండి. లాగిన్ వివరాలు ఇవ్వనంటే, గుర్తింపు పత్రాలతో మీ పరిధి జీఎస్టీ అధికారిని కలిస్తే మార్చే ఏర్పాటు ఉంది.

ఓటీపీ అడిగినప్పుడల్లా "దేనికి?" అని అడిగి ఇవ్వండి. రిటర్న్ వెరిఫై చేసే ఓటీపీ మీ సంతకం.

## 9. ఆడిటర్‌కు ఏం ఇవ్వాలి, ఎప్పుడు

ఏప్రిల్‌లోనే పరుగెత్తక్కర్లేదు. జనవరి-మార్చి టీడీఎస్ రిటర్నులకు కంపెనీలకు మే 31 వరకు గడువుంటుంది. కాబట్టి 26ఏఎస్ (మీ పాన్ మీద కట్ అయిన పన్ను చూపే స్టేట్‌మెంట్) నిండేది జూన్ మధ్యకు. అంతకుముందే రిటర్న్ వేస్తే చివరి మూడు నెలల టీడీఎస్ తప్పిపోవచ్చు. జూన్ రెండో సగం సరైన సమయం.

ఒకే కవరులో ఇవి పెట్టండి:

- అన్ని బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లు, ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. వాడని ఖాతావి కూడా.
- నోటుబుక్కు నుంచి ఒక పేజీ సారాంశం: బ్యాంకు వసూళ్లు, నగదు వసూళ్లు, మొత్తం ఖర్చు, మిగిలింది.
- మార్చి 31 నాటికి కస్టమర్లు ఇవ్వాల్సింది, మీరు షాపులకు ఇవ్వాల్సింది, చేతిలో నగదు, మిగిలిన మెటీరియల్ విలువ. ఐటీఆర్-4లో వీటికి గడులున్నాయి. మీరు ఇవ్వకపోతే ఆడిటర్ ఊహించి నింపుతాడు.
- ఫారం 16ఏలు (టీడీఎస్ సర్టిఫికెట్లు), యాప్ పేఅవుట్ స్టేట్‌మెంట్లు, కమీషన్, బహుమతుల వివరం.
- వ్యాపారం కాని జమల జాబితా: చీటీ, లోను, చేబదులు, పొలం కౌలు.
- ఎఫ్‌డీ వడ్డీ, అద్దె, షేర్లు, భూమి అమ్మకం ఉంటే వాటి కాగితాలు.

## 10. "సబ్మిట్" నొక్కేముందు మీ కళ్లతో చూడాల్సినవి

డ్రాఫ్ట్ పీడీఎఫ్ పంపమని అడిగి చూడండి.

- టర్నోవర్ రెండు గడులుగా ఉందా: బ్యాంకు, నగదు? మీ పేజీతో సరిపోయిందా?
- టర్నోవర్ 26ఏఎస్‌లో, ఏఐఎస్‌లో (మీ పాన్ మీద నమోదైన లావాదేవీల జాబితా) కనిపించే వసూళ్ల కంటే తక్కువగా లేదు కదా?
- జీఎస్టీ ఉంటే జీఎస్టీ రిటర్న్, ఈ రిటర్న్ రెండిటి టర్నోవర్ ఒకటేనా? తేడా ఉంటే కారణం కాగితం మీద ఉందా?
- టీడీఎస్ మొత్తం 26ఏఎస్‌లో ఉన్నంతా వచ్చిందా?
- వ్యాపార కోడ్ సరైనదా? బిల్డింగ్ ఇన్‌స్టలేషన్, రిపేరు పనుల కోడ్‌లు వేరు. రిటైల్ షాపు కోడ్ వేసేస్తుంటారు.
- రీఫండ్ ఖాతా మీదేనా, ప్రీ-వాలిడేట్ (పోర్టల్‌లో ముందే ధ్రువీకరణ) అయిందా?
- మీరు ఇవ్వని మినహాయింపు ఏదైనా కనిపిస్తోందా?

ఏఐఎస్‌లో మీది కాని ఎంట్రీ ఉంటే అక్కడే "ఫీడ్‌బ్యాక్" ఇచ్చే వీలుంది. అది చేశాకే రిటర్న్ వేయించండి.

వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో వెరిఫై అవ్వాలి. వెరిఫై కాకపోతే ఆ రిటర్న్ చెల్లదు. రిటర్న్ కాపీ, అక్‌నాలెడ్జ్‌మెంట్, కంప్యూటేషన్ (పన్ను లెక్క కాగితం) మూడూ మీ మెయిల్‌కు తెప్పించుకున్నాకే ఫీజు ఇవ్వండి.

## 11. తప్పు జరిగాక ఏం చేయాలి

గడువు దాటింది. జూలై 31ని మనసులో పెట్టుకుంటే ఎప్పుడూ ఇబ్బంది ఉండదు. ప్రభుత్వం పొడిగిస్తే అది అదనపు వెసులుబాటు. దాటినా డిసెంబర్ 31 వరకు వేయొచ్చు. లేట్ ఫీజు 5,000, ఆదాయం 5 లక్షల లోపైతే 1,000.

పాత ఏళ్లు అసలు వేయలేదు. అప్‌డేటెడ్ రిటర్న్ నాలుగేళ్ల వరకు వేయొచ్చు. ఆలస్యాన్ని బట్టి పన్ను, వడ్డీ మీద అదనంగా 25, 50, 60, 70 శాతం. రీఫండ్ అడగడానికి ఈ దారి పనికిరాదు.

డిఫెక్టివ్ అని నోటీసు వచ్చింది. 139(9) కింద 15 రోజుల్లో సరిచేయాలి. పట్టించుకోకపోతే రిటర్న్ వేయనట్టే. టర్నోవర్ టీడీఎస్ రసీదుల కంటే తక్కువ ఉంటే ఎక్కువగా ఇదే వస్తుంది.

143(1) మెయిల్ వచ్చింది. చాలామంది కంగారు పడతారు. అది అందరికీ వచ్చే సరిచూపు కాగితం. తెరవడానికి పాస్‌వర్డ్ పాన్ చిన్న అక్షరాల్లో, వెంటనే పుట్టిన తేదీ. మీరు చూపినవి ఒక వరుస, శాఖ లెక్క ఒక వరుస. రెండూ ఒకటైతే దాచుకోండి. తేడా ఉంటే ఏ వరుసలో ఉందో గుర్తు పెట్టి ఆడిటర్‌కు పంపండి.

ఫోన్ చేసి నోటీసు అని బెదిరిస్తున్నారు. శాఖ పంపే నోటీసు మీద డీఐఎన్ నంబర్ ఉంటుంది, పోర్టల్‌లో "అథెంటికేట్ నోటీస్" దగ్గర సరిచూడొచ్చు. లింకు నొక్కమంటే నొక్కొద్దు. పోర్టల్‌లోకి మీరే వెళ్లి "పెండింగ్ యాక్షన్స్" కింద ఈ-ప్రొసీడింగ్స్ చూడండి. నెలకోసారి అలా చూడటం అలవాటు చేసుకుంటే ఆడిటర్ చెప్పడం మర్చిపోయినా మీకు తెలుస్తుంది.

## 12. గోడ మీద రాసుకోవాల్సిన తేదీలు

- ఫిబ్రవరి చివరి వారం: ఏడాది లాభం అంచనా.
- మార్చి 15: ముందస్తు పన్ను.
- మార్చి 31: చేతి నగదు, మెటీరియల్, రావాల్సినవి, ఇవ్వాల్సినవి రాయడం. ఇదే రోజు రాయాలి, జూన్‌లో గుర్తుండదు.
- ఏప్రిల్: కొత్త బిల్ బుక్కు, నంబర్ 1 నుంచి. జీఎస్టీ ఉంటే పద్ధతి మార్చాలా అన్నది అంతకుముందే, మార్చి 31లోపు తేల్చుకోవాలి.
- జూన్ 15 తర్వాత: 26ఏఎస్, ఏఐఎస్ డౌన్‌లోడ్, ఆడిటర్‌కు కవరు.
- జూలై 15: డ్రాఫ్ట్ సరిచూసి రిటర్న్ వేసి, వెరిఫై చేయడం.
- సెప్టెంబర్ చివర: ఆరు నెలల టర్నోవర్ కూడటం. 9 లక్షలు దాటి ఉంటే 20 లక్షల గీత గురించి అప్పుడే ఆడిటర్‌తో మాట్లాడాలి.